ఈ ఇంట్లో మగవాళ్లు లేరు

వానలు వెనకబట్టి వరి పొట్టకు వచ్చే రోజుల్లో మా ఊరు బాన్ నోంగ్ ఖియత్‌లో అందరికీ ఒకటే పని, పొలంలో నీళ్లు చూసుకోవడం. వీట్‌కి మాత్రం ఇంకో పని కూడా ఉండేది. ఈ దేశంలో ఇంకో ఏడాది ఉండనివ్వమని ఈ దేశాన్నే అడగాలి.

అతని పూర్తి పేరు వీట్స హూక్‌స్ట్రా. హాలెండ్‌లో కాలువ లాకుల దగ్గర ఉద్యోగం చేశాడు. ఓడ వస్తే తలుపులు ఎత్తడం, దాటాక దించడం, మళ్లీ ఓడ వచ్చేదాకా నీళ్లకేసి చూస్తూ కూర్చోవడం. రిటైరయ్యాక ఎవరో స్నేహితుడి పెళ్లికని మా వైపు వచ్చాడు. భోజనం ముగించి చెయ్యి కడుక్కోవడానికి కాలువ గట్టుకు వెళ్తే అక్కడ మా ఊరి తూము తలుపు కనబడింది. మా నాన్న పుట్టకముందు నుంచీ అది సరిగ్గా మూసుకోదు. దాని చుట్టూ ఒక తరం కప్పలు పుట్టి, పెరిగి, ముసలివై పోయాయి. వీట్ ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు. అతను పైకొచ్చేసరికి పెళ్లికొడుకు పిల్లాడికి పళ్లొచ్చాయి. తూము మాత్రం ఆ రోజు నుంచి చుక్క కారలేదు.

తర్వాత అతన్ని పొమ్మని ఎవరూ అనలేదు. తూము తలుపు మీద చెయ్యి వేసినవాణ్ణి ఎలా పొమ్మంటాం? బువలై ఇంటి కింది భాగంలో అద్దెకు దిగాడు. మా వైపు పాత ఇళ్లు స్తంభాల మీద ఉంటాయి. బువలై పైన చెక్కనేల మీద ఉండేది. కింద స్తంభాల మధ్య ఇటుక గోడలు కట్టించి చేసిన గదిలో వీట్. అతను ఎంత పొడుగంటే, అతను వచ్చాక మా వీధిలో మామిడికాయలు కోసే కర్రలన్నీ పొయ్యిలోకి పోయాయి.

బువలై నా చెవి దాకా కూడా రాదు. తుంగచాపలు అల్లి బతికేది. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త సవత్ ఒక రాత్రి పడుకుని తెల్లవారి లేవలేదు. ఎద్దులా ఉండేవాడు. డాక్టరు గుండె అన్నాడు. ఊరు మాత్రం 'ఆవిడ' అంది. ఆవిడంటే విధవరాలి దయ్యం. మొగుడు కావాలని తిరుగుతూ నిద్రలో ఉన్న మగవాళ్లను పట్టుకుపోతుంది. పేరెత్తితే వింటుందని భయపడి మేము ఆవిడ అని ఊరుకుంటాం.

ఇంతకీ కాగితాల సంగతి. రిటైరైన విదేశీ మనిషి ఇక్కడ ఉండాలంటే ఏటా వీసా పొడిగించుకోవాలి. నోటితో అడిగితే కుదరదు. పాస్‌పోర్టులో అచ్చుపడ్డ ప్రతి పేజీకీ జెరాక్సు, ప్రతి జెరాక్సు మీదా సంతకం. తన డబ్బుతో తను బతకగలడని బ్యాంకువాళ్ల ఉత్తరం, అదీ తాజాది. నిన్నటి చేపలా పాతబడితే ఆఫీసులో ముక్కు మూసుకుంటారు. ఇంట్లోవాళ్ల పేర్లు ఎక్కించే ఇంటి పుస్తకం, ఇంటి యజమాని గుర్తింపు కార్డు. ఇంటి నంబరు కనబడేలా గుమ్మం ముందు నిలబడి ఒక ఫొటో, మంచం మీద కూర్చుని ఒక ఫొటో, లాగుతో కాదు, పొడుగు ప్యాంటుతో. చివరికి ఆఫీసు నుంచి ఇంటికి ఎలా రావాలో చేత్తో గీసిన పటం.

మిగతావన్నీ వీట్‌కి పండగ. బువలై చాప మీద కాగితాలు పరిచి, గాలికి ఎగరకుండా ఆమె రోలూ రోకలీ వాటి మీద పెట్టి, ఒక్కొక్కదానికీ లాకుల రిజిస్టరులో చేసినంత శ్రద్ధగా సంతకం చేసేవాడు. పటం దగ్గరే పేచీ. అతను ఉత్తరం దిక్కు బాణం వేసి, కాలువ వెడల్పు కొలిచి గీసేవాడు. బువలై పక్కనుంచి మెడ చాచేది.

"ఇదేం పటం అన్నా? లామ్యోంగ్ బొప్పాయి పచ్చడి బండి ఏదీ? గోధుమరంగు కుక్క పడుకునే చోటు ఏదీ?"

"కుక్క లేచి పోతే?"

"అది లేవదు."

"చచ్చిపోతే?"

"దాని కూతురు పడుకుంటుంది. గియ్యి."

గీసేవాడు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే కాబట్టి ఏటా అతని వెంట ఆఫీసుకు నేనే వెళ్లేవాణ్ణి. చిన్నప్పుడు పట్నంలో సిస్టర్ల బడిలో చదివాను. వాళ్లు నాకు ఇంగ్లీషూ, గోళ్లు కొరక్కుండా ఉండడమూ నేర్పారు. దయ్యాలు లేవని కూడా నేర్పారు.

ఆ ఏడు ఆఫీసులో కొత్త అధికారి ఉన్నాడు. లెఫ్టినెంట్ విరోత్. రాజధాని నుంచి వచ్చిన కుర్రవాడు, చొక్కా మీద మడత తప్ప ముడత లేదు. ఫైలు మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు.

"అంతా సరిగ్గా ఉంది. ఒకసారి ఇల్లు చూసి వెళ్తాం. ఎప్పుడొస్తామో ముందు చెప్పం."

"తప్పకుండా చూడండి" అన్నాడు వీట్ సంతోషంగా. ఇల్లు ఉన్నచోటే ఉంది, తను అందులోనే ఉంటున్నాడు. నిజం చెప్పడానికి అతనికి తయారీ అక్కర్లేదు.

ఆ వారంలోనే పక్క ఊళ్లో ఇద్దరు మగవాళ్లు నిద్రలో పోయారు. ఇద్దరూ గట్టివాళ్లు, ఒకడు అంతకు ముందురోజు ట్రాక్టరు కింద దూరి దాన్ని వీపుతో లేపాడు. కబురు వచ్చిన పూట మా ఊళ్లో ప్రతి గుమ్మానికీ ఎర్ర చొక్కా వేలాడింది. ఆవిడకు ఎర్రరంగు పడదు. మగవాళ్ల గోళ్లకు ఎర్రరంగు వేశారు, చూసి ఆడవాళ్లనుకోవాలని. ఊరి మొదట్లో గడ్డితో ఒక బొమ్మ మగవాణ్ణి నిలబెట్టి, ఆవిడ దాన్ని చూసి అక్కడే ఆగిపోవాలని, దానికి ఒక అవయవాన్ని తాటిమొద్దుతో చెక్కి తగిలించారు. దాని కొలతలు ఇక్కడ రాయను, సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి. దాన్ని మోసుకురావడానికి ఎడ్లబండి కట్టారని మాత్రం చెప్పగలను.

బువలై వీటితో ఊరుకోలేదు. ఒక చెక్క మీద బెత్తెడేసి అక్షరాలతో 'ఈ ఇంట్లో మగవాళ్లు లేరు' అని రాసి గుమ్మం పక్కన మేకు కొట్టింది. తర్వాత గోళ్ల రంగు సీసా పట్టుకుని కిందికి దిగింది.

"చెయ్యి పెట్టు అన్నా."

"ఎందుకు?"

"పెట్టమంటే పెట్టు. ఎందుకో చెబితే రంగు పట్టదు."

వీట్ చెయ్యి చాచాడు. కొంచెం మాట్లాడడం వచ్చుగానీ మా లిపి అతనికి రాదు, బోర్డు చూసి పండగ అలంకారం అనుకున్నాడు. ఆ రోజు నుంచి వీధంతా అతన్ని 'వీటక్క' అని పిలిచింది. పొద్దున తూము దగ్గరికి వెళ్తుంటే లామ్యోంగ్ బండి దగ్గర నుంచి కేకేసేది. "వీటక్కా, జాకెట్టు ఎక్కడ కుట్టించావే?"

ఇదంతా ఏమిటని అతను నన్ను ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడకు ఇంగ్లీషు వచ్చని ఎవరూ చెప్పగా వినలేదు, అందుకని దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. అతను పడీపడీ నవ్వాడు. తూము కింద ఉండే ముసలి జెల్లచేప పాతరోజుల్లో పన్నులు వసూలు చేసేదని నేను చెప్పినప్పుడు కూడా అలాగే నవ్వాడు. అతనితో నాకున్న చిక్కు అదే, నిజం చెప్పినా కోతే అనుకుంటాడు.

దయ్యాలు నేను నమ్మను. నా భార్య సుబన్ రంగు పట్టుకుని వచ్చినప్పుడు, తెరిచిన సీసా ఎండిపోతుందని చేతులు రెండూ ఇచ్చాను. ఇంకా మిగిలితే కాళ్లు కూడా.

ఒక పొద్దున పోలీసు పికప్పు వచ్చి గోధుమరంగు కుక్క దగ్గర ఆగింది. విరోత్ దిగాడు. ఒక చేతిలో వీట్ గీసిన పటం, ఇంకో చేతిలో ఫైలు. వీట్ ఇంట్లో లేడు, తూము దగ్గర ఉన్నాడు. నేను మా అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. బువలై వాకిట్లో చాప అల్లుతోంది.

విరోత్ గుమ్మం ముందు నిలబడి ఉద్యోగం గొంతుతో వీధి చివరి దాకా వినబడేలా అడిగాడు. "పెద్దమ్మా, ఈ ఇంట్లో హూక్‌స్ట్రా అనే పెద్దాయన ఉంటున్నాడా?"

బువలై చేతిలో తుంగ ఆగిపోయింది. "లేరు బాబూ. ఈ ఇంట్లో మగవాళ్లెవరూ లేరు."

"రిటైరైన విదేశీ మనిషి. మీ ఇంట్లో ఉంటున్నట్టు మీరే సంతకం చేశారు."

"బోర్డు చదవలేదా నువ్వు?"

విరోత్ బోర్డు చదివాడు. ఫైలు చూశాడు. మళ్లీ బోర్డు చదివాడు. దండెం మీద వీట్ ప్యాంటు ఆరుతోంది. అందులో బువలైని నిలువునా దాచిపెట్టవచ్చు.

"మరి ఆ ప్యాంటు ఎవరిది?"

"నాదే. ఉతికితే సాగింది."

అతను లామ్యోంగ్ బండి దగ్గరికి వెళ్లాడు. రోట్లో పచ్చి బొప్పాయి దంచుతూ ఆమె తలెత్తలేదు.

"ఎవరు? వీటక్కా? ఉంది. చాలా మంచిది. కొంచెం పొడుగు."

"అక్క కాదమ్మా. ఆయన."

"ఆయనెవరూ లేరు. కారం ఎంత వెయ్యమంటావు?"

చివరికి నా దగ్గరికి వచ్చాడు. నా మీసం చూసి అతని మొహం కాస్త తేటపడింది. "అయ్యా, ఆ రోజు ఆయనతో ఆఫీసుకు వచ్చింది మీరే కదా? మీరు చెప్పండి."

నేను నోరు తెరిచే లోపలే లోపలి నుంచి సుబన్ వచ్చి నా ముందు నిలబడింది. "ఏం అడగాలన్నా నన్నడుగు బాబూ. ఈవిడకు వినబడదు."

"ఈవిడా?"

"మా అక్క."

విరోత్ నా మీసాన్నీ, నా గోళ్లనూ మార్చి మార్చి చూశాడు. నేను గోళ్లు దాచుకోలేదు, అలా అని మీసమూ దాచుకోలేను. మగవాడు ఉన్నాడని పగటిపూట పైకి అన్నా రాత్రికి ఆవిడ వెతుక్కుంటూ వస్తుంది. ఆ కబురు మా వైపు పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. రాజధానిలో పుట్టినవాడికి చెప్పాలంటే అసలు పేరెత్తాలి. ఎవరెత్తుతారు? అతను బోర్డును ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం వీట్‌కి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మర్నాడు ఇద్దరం వెళ్లాం. విరోత్ బల్ల మీద ఫోను పెట్టి ఫొటో చూపించి, బోర్డు మీద రాసింది చదివి వినిపించాడు.

"మీరు ఆ ఇంట్లో ఉండడం లేదని ఇంటి యజమానే చెప్పింది. ఊరంతా చెప్పింది. నేను వేరే రాయలేను. గడువులోపల ఆమెను ఇక్కడికి తీసుకొచ్చి, ఉంటున్నారని ఆమె నోటితో చెప్పించండి. లేకపోతే పొడిగింపు లేదు. దేశం విడిచి వెళ్లాలి."

వీట్ అడిగిందల్లా ఒకటే. "ఆమే చెప్పిందా?"

"ఆమే."

దారిలో నేను మళ్లీ దయ్యం సంగతి ఎత్తాను. "ఇవాళ వద్దు తోంగ్‌పూన్" అన్నాడు మెల్లగా. "ఆమెకు గది కావాలేమో. నా మొహం మీద చెప్పలేక వాళ్లకు చెప్పింది. మా లాకుల దగ్గర తలుపు మూసి ఉందంటే అవతల ఏదో కారణం ఉందని అర్థం. మేము తోసేవాళ్లం కాదు."

ఇంటికి వచ్చి బువలైని ఏమీ అడగలేదు. అలమారాలోంచి పెట్టె దించాడు. కప్పులను ఒక్కొక్కటే పాత పేపర్లో చుట్టాడు. సైకిలు పంపు తెచ్చి నాకిచ్చాడు. తూము తలుపుకు నూనె ఎప్పుడు పెట్టాలో, చలికాలం చక్రం ఎటు తిప్పాలో లామ్యోంగ్ మొగుడికి నేర్పడం మొదలుపెట్టాడు. ఆ మొగుడు చక్రాన్ని చూసిన చూపులోనే మా కప్పల మనవలకు మంచిరోజులు వస్తున్నాయని అర్థమైంది.

బువలై పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"అన్నా, వీటన్న సామాను సర్దుతున్నాడేంటి? అడిగితే థాంక్యూ అంటాడు. దేనికి థాంక్యూ?"

గడువు సంగతి చెప్పాను. ఆమె మెట్టు మీద కూర్చుంది. తల ఊపింది.

"అయితే పోనీ."

"ఏంటి పోనీ?"

"హాలెండు పోతే బతికుంటాడుగా. ఉన్నాడని నేనంటే ఇక్కడ పోతాడు. ఎక్కడో ఓ చోట బతికుండనీ."

"ఇక్కడ అననక్కర్లేదమ్మా. ఆఫీసులో అంటే చాలు. ఆఫీసు గుమ్మం మీద సర్కారువారి గరుత్మంతుడి ముద్ర ఉంటుంది, ఆవిడ లోపలికి రాలేదు. వచ్చినా ముందు నంబరు చీటీ తీసుకోవాలి. వరసలో కూర్చోవాలి. జెరాక్సు లేదని రెండుసార్లు వెనక్కి పంపుతారు. వాళ్లు పిలిచేసరికి ఆవిడకే మొగుడి మీద ఆశ చచ్చిపోతుంది."

"నేనేమన్నా చిన్నపిల్లనా అన్నా?"

కాదు. అందుకని మనసులో ఉన్నదే చెప్పాను. "హాలెండులో మాత్రం మగవాళ్లు నిద్రలో పోరా? ఇక్కడైతే గుమ్మానికి చొక్కా కట్టడానికి నువ్వున్నావు. అక్కడ అతనికి ఎవరు కడతారు?"

ఆమె లేచి వెళ్లిపోయింది. మర్నాడు తెల్లారేసరికి పట్టు లుంగీ కట్టి, తల నున్నగా దువ్వుకుని మా వాకిట్లో నిలబడి ఉంది. "ఇంకా పడుకున్నావేంటి? ఆయన్ను లేపుకుని రా. ఆ పెట్టె తేవద్దని చెప్పు."

ఆఫీసు మెట్లు ఎక్కే ముందు ఆమె తలెత్తి గరుత్మంతుడి ముద్రను బాగా చూసింది. రెక్కలు రెండూ సరిగ్గా ఉన్నాయా అని కాబోలు. లోపల మా నంబరు పిలిచాక విరోత్ ఎదుట ముగ్గురం కూర్చున్నాం, వీట్ నడుమ, చెరో పక్క ఆమె, నేను. వీట్ బల్లకేసి చూస్తున్నాడు.

"పెద్దమ్మా, సూటిగా చెప్పండి. ఈయన మీ ఇంట్లో ఉంటున్నాడా?"

"కిటికీ మూయి."

"ఏసీ గది పెద్దమ్మా. మూసే ఉంది."

"తలుపు?"

విరోత్ లేచి తలుపు మూసి వచ్చాడు. బువలై ముందుకు వంగి ఏదో అంది.

"వినబడలేదు."

మళ్లీ అంది.

"పెద్దమ్మా, కొంచెం గట్టిగా. ఉంటున్నాడా?"

"ఉంటున్నాడా అంటే!" అని బువలై ఒక్కసారి గొంతు విప్పింది. వీట్ ఆ ఇంట్లో దిగిన నాటి నుంచి తొమ్మిదేళ్లుగా మూసిన తూము అది. "ఉండకపోతే నాకీ పాట్లెందుకు? రోజూ పొద్దున ఆ దూలానికి తల కొట్టుకుంటాడు. రోజూ అదే దూలం! కొట్టుకోగానే వాళ్ల భాషలో ఒక మాటంటాడు. ఇప్పుడు మా గోరింక కూడా అదే మాటంటోంది, మొన్న భిక్షకొచ్చిన స్వామివారిని అంది. పులియబెట్టిన చేప బ్రెడ్డు మీద రాసుకుని తింటాడు. బ్రెడ్డు మీద! చూడలేక నేను అటు తిరిగి తింటాను. కాలువలో పుల్ల ముంచి కొలిచి, నీళ్లు ఎంత పెరిగాయో నేను అన్నం తినేటప్పుడు వచ్చి చెబుతాడు. నాకు పొలమే లేదు! మేజోళ్లు దండెం మీద పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా ఆరేస్తాడు. నీ కాళ్లు రెండూ ఒకే సైజు కాదా అంటే వినడు. నా కోళ్లకు పేర్లు పెట్టాడు. ఇప్పుడు వాటిని నేనెట్టా కోసుకుని తినను?"

విరోత్ రాయడం మొదలుపెట్టాడు. నేను వీట్ చెవిలో ఇంగ్లీషులో చెబుతూ వచ్చాను. కోళ్ల దగ్గరికి వచ్చేసరికి వీట్ తలెత్తాడు.

"చాలు పెద్దమ్మా. అర్థమైంది."

"ఇంకా గురక దగ్గరికి రానే లేదు! నేను పైన, ఆయన కింద. నేల చెక్కల సందుల్లోంచి అదంతా నా పక్కలోకే వస్తుంది. ఎడ్లబండి వంతెన ఎక్కినట్టుంటుంది. నాకు నిద్రుండదు. పోనీ ఆగిందా, అసలుకే ఉండదు. ఆగగానే లేచి మడమతో నేల మీద తంతాను. మళ్లీ మొదలయ్యేదాకా తంతూనే ఉంటాను. ఈ నెలంతా అదే పని. చూడు నా మడమ."

చూపించింది. విరోత్ కలం ఆగిపోయింది. నేను అనువాదం చేశాను. 

"అది నువ్వా?" అన్నాడు వీట్ మా భాషలోనే. "ఇల్లు పాతదై చప్పుడు చేస్తోందనుకున్నా. మేకులు కొందామనుకున్నా."

విరోత్ కుర్చీ కొంచెం ముందుకు జరిపాడు. గొంతు తగ్గించాడు. "మరి ఆ రోజు లేడని ఎందుకు చెప్పారు?"

"నువ్వు అడిగిన తీరు అట్టాంటిది బాబూ. మా ఆయన పోయే ముందు సాయంత్రం కూడా ఇట్టాగే ఒకాయన వచ్చాడు, సారా కొట్టు బాకీకో, దేనికో. గుమ్మం ముందు నిలబడి వీధంతా వినబడేట్టు అడిగాడు, నీ మొగుడు ఉన్నాడా అని. నాకప్పుడు కొత్త. మొగుడున్నాడని చెప్పుకోవడం ఎంత గొప్ప! ఉన్నాడు, లోపల పడుకున్నాడని నేను కూడా వీధంతా వినబడేట్టు చెప్పాను." ఆమె లుంగీ అంచు సరిచేసుకుంది. "తెల్లారి లేవలేదు. అప్పటి నుంచి ఎవరడిగినా లేరనే చెబుతాను. పిల్లి గురించి అడిగినా లేదనే చెబుతాను."

ఈసారి నా అనువాదం అవసరం లేకపోయింది. వీట్ ఆమె మాటల్లో సగం పట్టుకున్నాడు, ఆ సగం చాలింది.

"నువ్వు నన్ను పొమ్మన్నావనుకున్నాను" అన్నాడు.

"పొమ్మనాలంటే నాకు పోలీసులు కావాలా? ఇంట్లో చీపురు లేదా?"

వీట్ నవ్వబోయి, కళ్లద్దాలు తీసి చాలా జాగ్రత్తగా తుడుచుకున్నాడు. వాటి మీద మురికేమీ లేదు. తుడుస్తున్నంతసేపూ అతని ఎర్రగోళ్లను విరోత్ చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. కొత్త కాగితం తీసి ఒక్క వాక్యం రాసి ఆమె ముందుకు జరిపాడు.

"ఇక్కడ సంతకం చెయ్యండి."

"ఏం రాశావు? చదువు. మెల్లగా చదువు."

"దరఖాస్తుదారు నా ఇంట్లో నివసిస్తున్నారు."

"అంతేనా? గోరింక గురించి రాయలేదే?"

"ఆ వివరాలు పైవాళ్లకు అవసరం లేదు పెద్దమ్మా."

"అసలు సంగతంతా అందులోనే ఉంది గదయ్యా" అని సణుగుతూ, నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరమే గీసి సంతకం చేసింది. విరోత్ పాస్‌పోర్టు తెరిచి, ఖాళీ పేజీ వెతికి, ముద్ర గట్టిగా నొక్కాడు. వీట్ ఆ ముద్రను ముట్టుకోకుండా దాని మీద మెల్లగా ఊదాడు, తడి ఆరేదాకా.

బువలై వంగి చూసింది. "ఎన్నాళ్లకు ఇచ్చావు?"

"ఏడాది."

"ఏడాదేనా! ఇంత చెబితే?"

"రూలు అంతే పెద్దమ్మా. వచ్చే ఏడాది మళ్లీ కాగితాలన్నీ పెట్టుకోవాలి."

"అప్పుడు కూడా నేనే వచ్చి చెప్పాలా?"

విరోత్ వీట్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, చివరికి ఆమె చేతిలో ఉన్న తన కలం వైపు చూశాడు. ఆమె దాన్ని తిరిగి ఇవ్వలేదు.

"రావాల్సి రావచ్చు" అన్నాడు.

"అయితే స్నానాల గది సంగతి ఇప్పుడు చెప్పను" అంది బువలై, లేచి నిలబడుతూ. "పద వీటన్నా, కోళ్లకు మేత వెయ్యలేదు."

అతను తలుపు దగ్గర వంగాడు. అది అతనికి సరిపోయేంత ఎత్తైన తలుపే. అయినా అలవాటుగా వంగి, ఆమె వెనకే బయటికి నడిచాడు.